మూత్రపిండ ధమని చీలిక: పార్శ్వశూలలో మరువరాని ఒక కారణం

నడుముకు ఒక ప్రక్కన హఠాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టినప్పుడు మన ఇళ్లలో మొదట వినిపించే మాట "రాయి అయి ఉంటుంది" అని. ఆ మాట పూర్తి కాకముందే ఒకరు ఉలవలు ఉడకబెట్టడానికి వెళతారు, ఒకరు అరటిదూట రసం తీస్తారు, మరొకరు కొండపిండి మొక్క కోసం పెరడంతా వెదుకుతారు. పార్శ్వశూలకు మూత్రాశ్మరి సర్వసాధారణమైన కారణమన్న మాట యథార్థమే. అశ్మరి అని నిర్ధారణ అయిన పిమ్మట వైద్యుని సలహాపై ఈ ద్రవ్యాలను వాడుకోవడంలో ఆక్షేపణ లేదు. కాని, రోగం ఏదో తెలియకముందే చికిత్స మొదలుపెట్టే అలవాటు ఒక్కొక్కప్పుడు ఒక అవయవాన్నే బలిగొంటుంది.

అటువంటి సందర్భాలలో ఒకటి మూత్రపిండ ధమని చీలిక. ఇది అరుదైన వ్యాధి. అరుదైన వ్యాధిని గురించి గృహస్థులకు ఇంత వివరంగా చెప్పడం ఎందుకని కొందరు పాఠకులకు సందేహం కలుగవచ్చు. ఇది రాతినొప్పి వేషంలో వస్తుంది. సాధారణ స్కానింగులో కనబడకుండా తప్పించుకుంటుంది. ఆలస్యం జరిగితే మూత్రపిండంలో కొంత భాగమో, మొత్తమో రక్తం అందక నశిస్తుంది. ఈ మూడు సంగతులు తెలిసిన కుటుంబం సకాలంలో వైద్యుని సరైన ప్రశ్న అడుగగలుగుతుంది. ఈ వ్యాస ప్రయోజనం అదే.

మూత్రపిండం – దాని ధమని

మూత్రపిండాలు రెండూ కలిసి శరీరపు బరువులో నూరింట ఒక వంతు కూడా ఉండవు. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు. అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి పంపే రమారమి 5 లీటర్ల రక్తంలో అయిదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు ఈ రెండింటికే చేరుతుంది. అంటే నిమిషానికి లీటరుకు తక్కువ కాని రక్తం. ఇంత ప్రవాహాన్ని మోసేవి, ఉదరంలో వెన్నెముక ముందుగా దిగే మహాధమని నుండి కుడిఎడమలకు చీలిన రెండు ధమనులు. ఒక్కొక్కదాని వెడల్పు 5 లేక 6 మిల్లీమీటర్లు మాత్రమే. కొందరికి పుట్టుకతో ఒక ప్రక్కన రెండేసి ధమనులు కూడా ఉంటాయి.

ధమని గోడకు మూడు పొరలున్నాయి. రక్తాన్ని తాకుతూ పలుచని లోపొర, సంకోచ వ్యాకోచాలకు మూలమైన కండరంతో మధ్యపొర, రక్షణగా వెలుపలి పొర. లోపొరలో చిన్న చిరుగు పడితే, గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం ఆ చిరుగులో నుండి గోడలోకి తోసుకుపోతుంది. రెండు పొరల గోనెసంచి లోపొర చిరిగి ధాన్యం పొరల మధ్యకు దిగినట్లుగా, రక్తం గోడ పొరలను విడదీస్తూ ముందుకు సాగుతుంది. కొన్నిసార్లు పైన చిరుగు లేకుండానే గోడలోని సన్నని రక్తనాళాలు చిట్లి అక్కడే రక్తం గడ్డ కట్టవచ్చు. ఏ విధంగా జరిగినా ఫలితం ఒక్కటే. ధమనిలో ఒకటికి రెండు దారులు ఏర్పడతాయి. ఉబ్బిన దొంగదారి అసలు దారిని నొక్కివేస్తుంది. మూత్రపిండానికి రక్తం తగ్గుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది.

రక్తం పూర్తిగా ఆగితే మూత్రపిండ కణజాలం ఓర్చుకోగలిగేది కొద్ది గంటలే. కొంతైనా ప్రవాహం మిగిలి ఉంటే మరికొంత వ్యవధి దొరుకుతుంది. ఎంత దొరుకుతుందో ఇంట్లో కూర్చుని లెక్కించడం ఎవరికీ సాధ్యం కాదు.

రక్తపోటు ఎందుకు పెరుగుతుంది?

ఈ వ్యాధిలో నొప్పితో పాటు కనిపించే ముఖ్య లక్షణం రక్తపోటు హఠాత్తుగా పెరగడం. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. 1898లో స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు కుందేళ్ల మూత్రపిండాల సారంలో రక్తపోటును పెంచే పదార్థాన్ని కనుగొని దానికి రెనిన్ అని పేరు పెట్టారు. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ శునకాల మూత్రపిండ ధమనిని చిన్న వెండి బిగింపుతో ఇరుకు చేసి, దానివల్ల రక్తపోటు పెరిగి నిలిచిపోతుందని నిరూపించాడు.

తనకు రక్తం తక్కువగా వస్తున్నదని గ్రహించిన మూత్రపిండం, శరీరమంతటా ఒత్తిడి పడిపోయిందని భావించి రెనిన్‌ను విడుదల చేస్తుంది. ఆ రెనిన్ ప్రభావంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పు, నీరు శరీరంలో నిలుస్తాయి, రక్తపోటు పైకి లేస్తుంది. అసలు లోపం ధమనిలో ఉన్నది. మూత్రపిండం చేసిన ప్రయత్నం మాత్రం లోపాన్ని ఇంకా పెంచుతుంది. పెరిగిన ఒత్తిడి చీలికను మరింత ముందుకు తోస్తుంది. కనుకనే ఈ రోగంలో రక్తపోటును అదుపు చేయడం చికిత్సకు పునాది.

కారణాలు

1. మహాధమనిలో పుట్టిన చీలిక మూత్రపిండ ధమని వరకు వ్యాపించడం. ఇది ప్రాణాపాయకరం.

2. గాయాలు. వాహన ప్రమాదాలు, ఎత్తు నుండి పడటం, నడుముపై బలమైన దెబ్బ. వేగంగా పోతున్న శరీరం ఒక్కసారి ఆగినప్పుడు మూత్రపిండం ముందుకు జరిగి ధమని లోపొర సాగి చిరుగుతుంది.

3. ధమనిలోకి సన్నని గొట్టం పంపి చేసే పరీక్షలు, చికిత్సల సమయంలో అరుదుగా కలిగే ఉపద్రవం.

4. ధమని గోడ స్వతహాగా బలహీనంగా ఉండటం. వీటిలో ముఖ్యమైనది ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా అనే వ్యాధి. దీనిలో ధమని గోడలోని కండరం, నారపొర అస్తవ్యస్తంగా పెరిగి, ధమని పూసల దండవలె కనిపిస్తుంది. ఇది అత్యధికంగా స్త్రీలలో కనబడుతుంది. 1938లో లెడ్‌బెటర్, బర్క్‌లండ్ అనే అమెరికా వైద్యులు అయిదున్నరేళ్ల బాలునిలో తీవ్రమైన రక్తపోటును చూసి, లోపమున్న మూత్రపిండాన్ని తొలగించగా రక్తపోటు తగ్గిపోయింది. ఆ మూత్రపిండపు ధమనిలో కండరం అతిగా పెరిగి ఉన్నది. ఈ వ్యాధికి సంబంధించిన తొలి వర్ణనగా దానిని చెబుతారు.

5. పుట్టుకతో వచ్చే బంధక కణజాల దోషాలు. మార్ఫాన్, ఎహ్లర్స్-డాన్లోస్ అనే వ్యాధులు ఈ కోవలోనివి. అసాధారణంగా పొడవైన కాళ్లు చేతులు, అతిగా వంగే కీళ్లు, తేలికగా కమిలే పలుచని చర్మం, కుటుంబంలో చిన్న వయసులో రక్తనాళం పగిలి మరణించినవారు ఉండటం వీటికి సూచనలు.

6. అతి బరువులు ఎత్తడం, తీవ్ర వ్యాయామం తరువాత కొందరిలో ఇది కనిపించింది. కొందరిలో ఏ కారణమూ దొరకదు. తనంత తానుగా కలిగే చీలిక నడివయసు పురుషులలో ఎక్కువగా నమోదైంది.

ఆయుర్వేద దృష్టి

మన సంహితలలో మూత్రపిండ ధమని చీలికను పేరుపెట్టి వర్ణించిన అధ్యాయం లేదు. లేనిదానిని ఉన్నదని చెప్పడం శాస్త్రానికి గౌరవం కాదు. అయితే ఈ రోగాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరించే సూత్రాలు లేకపోలేదు. సుశ్రుతుడు శారీరస్థానంలో వృక్కాలు రక్త మేదస్సుల ప్రసాద భాగం నుండి పుడతాయన్నాడు. రక్తంతో వాటికి గల సంబంధాన్ని ఆనాడే గుర్తించారన్నమాట. సుశ్రుతుడు 107 మర్మాలను వివరించగా, చరకుడు వాటిలో హృదయం, శిరస్సు, వస్తి అనే మూడింటికి ప్రాధాన్యమిచ్చి సిద్ధిస్థానంలో ప్రత్యేకంగా అధ్యాయం చెప్పాడు. ఈ ప్రాంతాలలో తీవ్రశూల పుడితే తేలికగా తీసుకోరాదన్నది దాని ఆంతర్యం.

ఇంతకంటే ముఖ్యమైన మాట చరకుని గుల్మ చికిత్సలో ఉంది. కాయచికిత్సకు ఆచార్యుడైన చరకుడు, గుల్మం పక్వమైనప్పుడు ఇక ఆ పని ధన్వంతరి సంప్రదాయానికి చెందిన శల్యవైద్యులదని స్పష్టంగా అప్పగించాడు. తన విద్యకు హద్దు ఎక్కడో తెలిసి, ఆ హద్దు వద్ద రోగిని సరైన చేతులలో పెట్టడం ఆయుర్వేద ధర్మంలో భాగమే. గురుకులంలో మాకు ద్రవ్యగుణంతో పాటు సాధ్యాసాధ్య విచారాన్ని కూడా కంఠస్థం చేయించినది అందుకే. ధమని చీలిక తొలిదశలో కషాయాలకు, లేహ్యాలకు అధికారం లేదు. ఆ దశ దాటిన పిదప పథ్యం, దినచర్య, మనశ్శాంతి విషయాలలో ఆయుర్వేదం చేయగలిగిన సాయం ఎంతో ఉంది.

నాడీపరీక్షను గురించి ఒక మాట. మణికట్టు నాడిని బట్టి మూత్రపిండ ధమని చీలికను నిర్ణయించడం సాధ్యం కాదు. అయితే తీవ్రమైన ఛాతీనొప్పి, వెన్నునొప్పి ఉన్న రోగికి రెండు చేతుల నాడి బలంలో స్పష్టమైన తేడా ఉంటే, మహాధమని చీలికను శంకించి క్షణం ఆలస్యం చేయకూడదు.

లక్షణాలు – రాతినొప్పితో భేదం

దర్శన, స్పర్శన, ప్రశ్నలలో ఇక్కడ ప్రశ్నకే ప్రాధాన్యం. రోగిని అడుగవలసినవి ఇవి:

నొప్పి ఎలా మొదలైంది? రాతినొప్పి సాధారణంగా అలలుగా వస్తుంది. వచ్చినప్పుడు రోగి కుదురుగా ఉండలేక పొర్లుతాడు. కొంత తెరపి ఇచ్చి మళ్లీ వస్తుంది. నడుము నుండి గజ్జలలోకి జారుతుంది. ధమని చీలిక నొప్పి ఒక్క క్షణంలో పుట్టి, ఎడతెగకుండా ఒకే తీరున నిలుస్తుంది. ఏ భంగిమలోనూ ఉపశమించదు.

వాంతి, జ్వరం ఉన్నాయా? వికారం, వాంతి రెండింటిలోనూ ఉంటాయి. ధమని చీలికలో మూత్రపిండం దెబ్బతిన్న కొలదీ స్వల్పజ్వరం కూడా రావచ్చు. దానిని మూత్రనాళాల ఇన్‌ఫెక్షన్‌గా పొరబడే అవకాశం ఉంది.

మూత్రంలో రక్తం ఉందా? ఇది కూడా రెండింటిలోనూ కనబడవచ్చు. కనుక రక్తం కనిపించినంత మాత్రాన రాయి అని తేల్చరాదు.

రక్తపోటు ఎంత? మిక్కిలి విలువైన ప్రశ్న ఇది. ఏ నొప్పికైనా రక్తపోటు కొంత పెరుగుతుంది. నొప్పి తగ్గినా రక్తపోటు దిగకపోవడం, మునుపు లేనివారికి కొత్తగా రావడం, మందులతో అదుపులో ఉన్నవారికి హఠాత్తుగా అదుపు తప్పడం ధమని వైపు వేలెత్తి చూపుతాయి.

ఇవి అనుమానించడానికి గుర్తులే కాని నిర్ణయించడానికి సాధనాలు కావు. ఈ రెండు నొప్పుల మధ్య తేడాను అనుభవజ్ఞులైన వైద్యులు సైతం కేవలం లక్షణాలతో తేల్చలేరు.

ఒక ఉదాహరణ

ఇలా ఊహించుకుందాం. 45 ఏళ్ల గృహస్థుడు. తెల్లవారుజామున ఎడమ నడుములో కత్తితో పొడిచినట్లు నొప్పి. ఒకసారి వాంతి. దగ్గరలోని ఆసుపత్రిలో నొప్పికి ఇంజెక్షను ఇచ్చి, అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసి, రాయి కనబడలేదన్నారు. నొప్పి కొంత తగ్గింది. రక్తపోటు 180/110 ఉంది, అది కంగారువల్ల అనుకున్నారు. ఇంటికి వచ్చాడు. "చిన్న రాయి పడిపోయి ఉంటుంది" అని అందరూ ఊరట చెందారు. పల్లేరు కషాయం మొదలైంది. మూడవ రోజున స్వల్పజ్వరం, మళ్లీ నొప్పి.

ఇక్కడ జారిపోయిన సూత్రం ఏది? రాయి లేదన్నంత మాత్రాన రోగం లేదని అర్థం కాదు. రాయి లేకుండా అంత నొప్పి ఎందుకు వచ్చినట్లు? నొప్పి తగ్గినా రక్తపోటు ఎందుకు దిగలేదు? ఈ రెండు ప్రశ్నలు ఆ మొదటి రోజునే అడుగవలసినవి. మొదటి రోజున అడిగితే మూత్రపిండాన్ని కాపాడుకునే అవకాశం ఉండేది. మూడవ రోజుకు ఆ అవకాశం చాలావరకు తగ్గిపోతుంది.

ఇంట్లో చేయవలసినవి – చేయకూడనివి

రోగిని పడుకోబెట్టాలి. ఇంట్లో బి.పి. యంత్రం ఉంటే రెండు చేతులకూ కొలిచి, సమయంతో సహా కాగితంపై వ్రాయాలి. నొప్పి మొదలైన గంట, వాడుతున్న మందుల పేర్లు కూడా వ్రాసుకోవాలి. నొప్పి తీవ్రంగా ఉంటే సొంత వాహనం కోసం వెదుకక 108కి ఫోను చేయాలి. ఛాతీ లేదా వెన్నులో చీలుతున్నట్లు నొప్పి, స్పృహ తప్పడం, కాలు చల్లబడి మొద్దుబారడం ఉంటే అది మహాధమని చీలిక కావచ్చు.

కడుపును, నడుమును గట్టిగా నొక్కడం, మర్దనా చేయడం కూడదు. "నరం పట్టింది" అని తొక్కించడం మరింత అపాయకరం.

విరేచనానికి ఆముదం త్రాగించరాదు. కషాయాలు, ఉలవకట్టు కడుపునిండా పట్టించరాదు. అత్యవసర పరీక్షకు, ఆపరేషన్‌కు కడుపు ఖాళీగా ఉండటం మేలు.

గుండెపోటుకు వేసుకునే ఆస్పిరిన్‌ను ఈ నొప్పికి సొంతంగా వేసుకోకూడదు. మహాధమని చీలిక అయితే రక్తాన్ని పలుచబరచే మందు ప్రాణాపాయం తెస్తుంది. నొప్పికి మందుల షాపులో దొరికే డైక్లోఫినాక్ వంటి మాత్రలు రక్తం తగ్గిన మూత్రపిండానికి అదనపు దెబ్బ.

మూత్రంలో మంట అనగానే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయోటిక్ కొని మింగడం మనకు అలవాటైంది. ఈ వర్గపు మందులు మహాధమని చీలిక ప్రమాదాన్ని పెంచవచ్చునని, మార్ఫాన్, ఎహ్లర్స్-డాన్లోస్ వంటి వ్యాధులున్నవారికి వేరు మార్గం లేనప్పుడు తప్ప ఇవ్వరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది.

పరీక్షలు

మూత్రపరీక్షలో రక్తం, ఆల్బుమిన్ కనబడవచ్చు. రక్తంలో క్రియాటినిన్ మొదట మామూలుగానే ఉండవచ్చు, ఎందుకంటే రెండవ మూత్రపిండం పని చేస్తూనే ఉంటుంది. ఎల్.డి.హెచ్. అనే ఎంజైము బాగా పెరగడం కణజాలం నశిస్తున్నదనడానికి సూచన. ఇది చవకైన పరీక్ష.

మామూలు అల్ట్రాసౌండ్ రాయిని, వాపును చూపుతుంది కాని ధమని గోడను చూపదు. డాప్లర్ అనే పద్ధతి రక్తప్రవాహ వేగాన్ని చూపుతుంది. స్థూలకాయులలోను, ప్రేవులలో గాలి నిండినప్పుడును స్పష్టంగా రాదు. రాతి కోసం చేసే సి.టి. స్కాన్‌ను సామాన్యంగా రంగుమందు లేకుండా చేస్తారు. అందులో రాయి చక్కగా తెలుస్తుంది, ధమని లోపలి సంగతి తెలియదు.

చీలికను పట్టి ఇచ్చేది సి.టి. యాంజియోగ్రాం. రక్తనాళంలోకి రంగుమందు ఎక్కించి తీసే ఈ చిత్రంలో ధమని రెండు దారులుగా చీలడం, విడిపోయిన లోపొర, రక్తం అందని మూత్రపిండ భాగం ముక్కోణపు మచ్చగా కనబడటం తెలుస్తాయి. ఎం.ఆర్. యాంజియోగ్రాం మరొక మార్గం. తొడ లేక మణికట్టు ధమని నుండి సన్నని గొట్టం పంపి తీసే యాంజియోగ్రాం అత్యంత కచ్చితమైనది. అవసరమైతే అప్పుడే చికిత్స కూడా చేయవచ్చు. రంగుమందుకు ముందు అలర్జీ, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, గర్భం, పాత మూత్రపిండ వ్యాధి ఉంటే తప్పక చెప్పాలి.

కుటుంబసభ్యులు వైద్యుని వినయంగా అడుగవలసిన ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, రాయి లేదన్నారు కదా, బి.పి. ఇంకా దిగలేదు. రక్తనాళంలో ఏదైనా ఉందేమో చూడవలసి ఉంటుందా?" ఇలా అడగడం వల్ల ఎవరి గౌరవమూ తగ్గదు.

చికిత్స

రక్తపోటు అదుపులోకి వచ్చి, మూత్రపిండం పని నిలకడగా ఉంటే, అనేకమందికి మందులే చాలు. రెనిన్ ప్రభావాన్ని అడ్డుకునే రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి, గుండె వేగాన్ని తగ్గించేవి ఇస్తారు. రెండు ప్రక్కలా ధమని ఇరుకైనవారికి, ఒకే మూత్రపిండం ఉన్నవారికి మొదటి తరహా మందులు క్రియాటినిన్‌ను పెంచవచ్చు. కనుక మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలలో రక్తపరీక్ష తప్పనిసరి. దొంగదారిలో గడ్డలు కట్టకుండా హెపారిన్, వార్ఫరిన్ లేదా ఆస్పిరిన్ ఇస్తారు. రోగం అరుదైనందున ఏది ఎక్కువ మేలో తేల్చే పెద్ద పరీక్షలు జరుగలేదు. రోగి పరిస్థితిని బట్టి వైద్యుడే నిర్ణయిస్తాడు.

రక్తపోటు లొంగకపోయినా, నొప్పి ఆగకపోయినా, మూత్రపిండం పని తగ్గుతున్నా ధమనిలో స్టెంట్ అనే లోహపు జల్లెడగొట్టం అమర్చి అసలు దారిని తెరుస్తారు. 1978లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఇరుకైన మూత్రపిండ ధమనిని గాలిబుడగ గొట్టంతో వెడల్పు చేసిన వృత్తాంతాన్ని ప్రకటించిన నాటి నుండి ఈ మార్గం వృద్ధి పొందింది. రక్తస్రావం అవుతున్న చిన్న శాఖను సన్నని తీగచుట్టతో మూసివేస్తారు. ఇవి కుదరనప్పుడు ఆపరేషన్. ధమనికి ప్రక్కదారి వేయడం, లేదా మూత్రపిండాన్ని వెలుపలికి తీసి ధమనిని బాగుచేసి కటిప్రాంతంలో తిరిగి అమర్చడం చేస్తారు. మూత్రపిండం పూర్తిగా ఎండిపోయి రక్తపోటుకు మాత్రమే కారణమవుతుంటే దానిని తొలగించవలసి రావచ్చు. రెండవది ఆరోగ్యంగా ఉంటే సామాన్య జీవితానికి లోటుండదు.

ధమని గోడ బలహీనత ఒక్కచోటే ఉండకపోవచ్చు. ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా ఉన్నవారికి తల నుండి కటి వరకు గల ధమనులను ఒక్కసారైనా చిత్రించి చూడాలని 2019లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం సూచించింది.

కోలుకునే కాలంలో పథ్యం

ఉప్పు: ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపు, అంటే చిన్న చెంచాకు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. సైంధవ లవణం బి.పి.కి మంచిదని వాడుతున్నవారు ఒక సంగతి గ్రహించాలి. అదీ అధికభాగం సోడియం క్లోరైడే. రుచి కోసం నిమ్మరసం, జీలకర్ర, ధనియాలు, కరివేపాకు, మిరియాలు వాడుకోవచ్చు. పొటాషియంతో చేసిన "బి.పి. ఉప్పు" పైన చెప్పిన మందులు వాడేవారికి హాని చేయవచ్చు. కొబ్బరినీళ్లు, అరటిపండు విషయంలోనూ వైద్యుని అడగాలి.

ఆహారం: బీర, పొట్ల, సొర, లేతముల్లంగి, పెసరకట్టు, పలుచని మజ్జిగ. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానవలసిన పని లేదు. తోటకూర, పాలకూర, మునగాకు ఏ వారమైనా ఒకే పరిమాణంలో తినాలి. ఒక వారం మానేసి మరొక వారం అతిగా తింటే మందు మోతాదు తారుమారవుతుంది.

మలబద్ధకం: ముక్కడం వల్ల ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్ గ్లాసు నీటితో తీసుకోవచ్చు. ఇతర మందులకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచాలి.

శ్రమ: వైద్యుడు అనుమతించేవరకు గ్యాస్ సిలిండరు, బిందెలు ఎత్తడం, కపాలభాతి, నౌళి, మయూరాసనం కూడవు. మెల్లని నడక, ప్రశాంతమైన శ్వాస మేలు. నిద్రకు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లకు మృదువుగా పాదాభ్యంగం చేయవచ్చు.

మూలికల విషయంలో జాగ్రత్త

అతిమధురం దగ్గుకు దివ్యౌషధమే కాని రక్తపోటును పెంచి పొటాషియంను తగ్గిస్తుంది. ఈ రోగి వాడరాదు. సర్పగంధి రక్తపోటుపై పని చేస్తుందని బొంబాయికి చెందిన రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో నిరూపించగా, 1952లో దాని నుండి రెసర్పిన్ వేరుచేయబడింది. అంత బలమైన ద్రవ్యం కనుకనే ఇతర బి.పి. మందులతో సొంతంగా కలపరాదు. నాడి మందగించడం, మనోవిషాదం కలుగవచ్చు. గుగ్గులు కొన్ని గుండె మందుల శోషణను తగ్గిస్తుంది. రక్తం పలుచబరచే మందులు వాడేవారు వెల్లుల్లి, పసుపు, అల్లం వంటలో వాడుకోవచ్చు. గుళికల రూపంలో అధికమోతాదు వద్దు.

గాడిదగడపాకు, ఈశ్వరి వేరు అరిస్టోలోకియా కుటుంబానికి చెందినవి. ఈ జాతికి చెందిన మూలిక కలిసిన మందువల్ల బెల్జియంలో స్త్రీల మూత్రపిండాలు చెడినట్లు 1993లో వెల్లడైంది. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మూలికలను క్యాన్సర్ కారకాలుగా నిర్ణయించింది. మూత్రపిండం దెబ్బతిన్నవారు వీటి జోలికే పోరాదు. శుద్ధి, తయారీ తెలియని భస్మాలు కూడా అంతే.

సందేహాలు – సమాధానాలు

*నొప్పి పూర్తిగా తగ్గింది, బి.పి. మాత్రలు మానవచ్చునా?* మానరాదు. చీలిక మానినా ధమని ఇరుకుగా మిగలవచ్చు. కొన్ని నెలల తరువాత మళ్లీ యాంజియోగ్రాం చూసి వైద్యుడే నిర్ణయించాలి.

*ఒక మూత్రపిండం దెబ్బతిన్నది, పునర్నవ వాడవచ్చునా?* గలిజేరు ఉత్తమ శోథహర ద్రవ్యమే. కాని మూత్రాన్ని జారీచేసే ఇతర మందులతో కలిస్తే ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవచ్చు. క్రియాటినిన్, పొటాషియం చూసి, రెండు వైద్యాల వారికీ చెప్పి మాత్రమే మొదలుపెట్టాలి.

*పిల్లలకు వస్తుందా?* గాయం వల్ల రావచ్చు. బంధక కణజాల దోషం నిర్ధారణ అయితే తోబుట్టువులను, పిల్లలను కూడా పరీక్ష చేయించడం అవసరం.

జ్ఞాపకముంచుకోవలసినవి

హఠాత్తుగా పుట్టి ఎడతెగని పార్శ్వశూల వస్తే మొదట ఆసుపత్రి, తరువాతే వంటిల్లు. నొప్పితో పాటు రక్తపోటును కొలవాలి. రాయి కనబడలేదంటే కారణం తెలిసేవరకు ఊరట చెందరాదు. రక్తపోటు దిగకపోతే ధమనుల చిత్రం సంగతి అడగాలి. కోలుకున్న తరువాత ఉప్పు తగ్గించి, మందులు మానక, వాడే ప్రతి మూలిక పేరూ వైద్యునికి తెలియజేయాలి.

రోగాన్ని ముందు పరీక్షించి, పిమ్మటనే ఔషధాన్ని ఆలోచించమన్నది మన శాస్త్రం. ఆ వరుస తప్పకపోతే ఇంటివైద్యం ఇంటికి రక్షగా నిలుస్తుంది.